బ్రిటిష్ అడ్మిరల్స్ మీద ఇష్టం: ఏం చదవాలి, ఎలా చదవాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. నా వయసు 31. విశాఖపట్నంలో ఉద్యోగం. రెండేళ్ల క్రితం బ్రిటిష్ అడ్మిరల్ (నౌకాదళ సేనాని) నెల్సన్ జీవితచరిత్ర ఒకటి చేతికి దొరికింది. అప్పటి నుంచి బ్రిటిష్ నౌకాదళ చరిత్ర తప్ప ఇంకేదీ చదవబుద్ధి కావడం లేదు. 1805లో ఆయన ఆఖరిగా పోరాడిన ట్రఫాల్గర్ యుద్ధంలో ఏ ఓడ వెనక ఏ ఓడ వెళ్లిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మొన్నామధ్య ఇంట్లో ఫంక్షన్‌లో ఈ మాటలు వస్తే మా బావగారు అందరి ముందూ "మనల్ని దోచుకున్నవాళ్ల గొప్పలు నీకెందుకోయ్, బానిస బుద్ధి కాకపోతే?" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను గానీ మనసులో గుచ్చుకుంది. ఇంకో సంగతి. ఈ మధ్య ఏ పుస్తకం తెరిచినా అదే గెలుపు, అదే పొగడ్త. ఏదో లోటుగా అనిపిస్తోంది. పైగా గాలి లెక్కలు, తెరచాపల గొడవ సగం అర్థం కాదు. ఇక చదవడం ఆపేయాలా? అక్కర్లేదంటే ఇకమీదట ఏం చదవాలి, ఎలా చదవాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఆపకండి. ఒక విషయం మీద రెండేళ్ల పాటు తగ్గని ఇష్టం కలగడం మామూలు సంగతి కాదు. దాన్ని ఒక ఫంక్షన్‌లో పడ్డ మాట కోసం వదులుకోవద్దు.

అలాగని మీ బావగారి మాటను కొట్టిపారేయలేను. ఆయన కోపానికి కారణం ఉంది. ప్లాసీ యుద్ధం గురించి బడిలో అందరం చదువుకున్నాం. క్లైవ్ పేరు తెలియనివాళ్లు లేరు. కానీ 1756 చివర్లో ఆ సైన్యాన్ని మద్రాసు నుంచి హుగ్లీ నదిలోకి మోసుకెళ్లినవి అడ్మిరల్ చార్లెస్ వాట్సన్ ఓడలు. ఆ ఓడల ఫిరంగులు లేకపోతే కలకత్తా తిరిగి కంపెనీ చేతికి అంత తేలిగ్గా వచ్చేది కాదు. అంతెందుకు, మొదటి నల్లమందు యుద్ధం చివర చైనా మెడలు వంచి 1842లో నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టించిన ఓడ కార్న్‌వాలిస్. అది బొంబాయిలో మన టేకుతో, మన వడ్రంగుల చేతుల్లో తయారైన ఓడ. రాయల్ నేవీ (బ్రిటిష్ నౌకాదళం) చరిత్ర అంటే మన చరిత్ర కూడా అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మనల్ని ఏలిన శక్తి ఎలా పనిచేసిందో, దానికి డబ్బు, కలప, మనుషులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకునేవాడిని బానిస బుద్ధి గలవాడని ఎవరూ అనలేరు. తెలుసుకోకుండా ఉండిపోతేనే నష్టం.

అయితే మీరు చదివే పుస్తకాలు ఇవన్నీ చెబుతున్నాయా? అక్కడే మీ లోటు మొదలవుతోందని నా అనుమానం. నెల్సన్ జీవితచరిత్ర ఏది చేతికొచ్చినా ముందు ఒక పరీక్ష పెట్టండి. 1799లో ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన దానికి ఎన్ని పేజీలు కేటాయించారో చూడండి. ఆ ఏడు జూన్‌లో నేపుల్స్ రాజుకు ఎదురు తిరిగిన రిపబ్లిక్ కూలిపోయింది. దాని తరఫున పోరాడిన అడ్మిరల్ ఫ్రాన్సెస్కో కరాచియోలోను నెల్సన్ ఓడ మీదే విచారించి, ఆ రోజే తెరచాప కొయ్యకు ఉరి తీశారు. తీర్పుకీ ఉరికీ మధ్య తేడా గంటల్లోనే. అప్పీలుకు తావే ఇవ్వలేదు. అలాగే బానిసల వ్యాపారాన్ని రద్దు చేయాలన్న ఉద్యమాన్ని తప్పుపడుతూ 1805లో నెల్సన్ జమైకాలోని ఒక తోటల యజమానికి ఉత్తరం రాశాడు. ఈ రెంటినీ దాటవేసిన పుస్తకం నెల్సన్ ధైర్యం గురించి ఎంత బాగా రాసినా నేను నమ్మను. వీటిని చెప్పి, దాంతో పాటే 12 ఏళ్ల వయసులో ఓడెక్కి, కార్సికాలో కుడి కంటి చూపు, టెనెరిఫ్‌లో కుడి చెయ్యి పోగొట్టుకుని కూడా తన కింది కెప్టెన్లను అన్నదమ్ముల్లా చూసుకున్న మనిషిని చూపించే పుస్తకమైతే కళ్లకద్దుకుని చదవండి. మనిషి పూర్తిగా కనిపిస్తే ఇష్టం తగ్గదు. ఇంకా లోతుకు దిగుతుంది.

ఇక ఎలా చదవాలన్నది. మీకు విసుగు రావడానికి అసలు కారణం, ఫలితం ముందే తెలిసి చదవడం. ట్రఫాల్గర్‌లో 27 బ్రిటిష్ ఓడలు 33 ఫ్రెంచ్, స్పానిష్ ఓడల మీద గెలిచాయని తెలిశాక ప్రతి నిర్ణయమూ తెలివైనదిగానే కనిపిస్తుంది. అందుకని ఇలా చేసి చూడండి. అడ్మిరల్ ఆదేశం ఇచ్చే చోటికి రాగానే పుస్తకం మూసేయండి. ఆ నిమిషంలో ఆయనకు ఏం తెలుసు? గాలి ఎటు ఉంది? ఆదేశం అందుకున్న కెప్టెన్‌కు ఏం కనబడుతోంది? కాగితం మీద రాసుకోండి. అప్పుడు మళ్లీ తెరవండి. ఆదేశం ఇచ్చినవాడి పక్కన ఎంతసేపు నిలబడతారో, అందుకున్నవాడి పక్కన కూడా అంతసేపు నిలబడాలి. నౌకాదళ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ రెండో చోటే.

దీనికి గెలుపుల కంటే ఓటములు, ప్రమాదాలు బాగా పనికొస్తాయి. ఒకటి మీతో కలిసి చదువుతాను.

1893 జూన్ 22. లెబనాన్ తీరంలో ట్రిపోలీ దగ్గర బ్రిటిష్ మధ్యధరా నౌకాదళం విన్యాసాలు చేస్తోంది. అధిపతి వైస్ అడ్మిరల్ సర్ జార్జ్ ట్రైయన్. ఆ తరంలో అంతటి మేధావి లేడని పేరు. ఓడలు రెండు వరసల్లో పక్కపక్కనే వెళ్తున్నాయి. ఒక వరసకు ముందు ట్రైయన్ ఉన్న విక్టోరియా, రెండో వరసకు ముందు రియర్ అడ్మిరల్ మార్కమ్ ఉన్న క్యాంపర్‌డౌన్. రెండు వరసలూ లోపలివైపుకి, అంటే ఒకదానికొకటి ఎదురుగా తిరిగి వెనక్కి మళ్లాలని ట్రైయన్ ఆలోచన. వరసల మధ్య దూరం ఆరు కేబుళ్లు, అంటే 1,200 గజాలు. ఒక్కో ఓడ గుండ్రంగా తిరగడానికి సుమారు 800 గజాల వెడల్పు కావాలి. రెండు ఓడలకు కలిపి 1,600. లెక్క చిన్నపిల్లలకు కూడా తెలిసేదే. ఎనిమిది కేబుళ్లయినా ఉండాలని ఆయన కింది అధికారి ముందే చెప్పాడు. ట్రైయన్ సరేనన్నాడు. తర్వాత ఆరే అని ఆదేశం పంపాడు. అధికారులు మళ్లీ అడిగించినా ఆరే అన్నాడు.

ఇక్కడ పుస్తకం మూయండి. ఇప్పుడు మీరు మార్కమ్. జెండాలు పైకెక్కాయి. చూడగానే ఇది కుదరదని తెలుస్తోంది. ఆదేశం అర్థమైందని బదులు జెండా పూర్తిగా ఎత్తకుండా కాసేపు ఆగారు. అప్పుడు ట్రైయన్ ఓడ నుంచి అందరికీ కనబడేలా ఇంకో సంకేతం వచ్చింది, దేని కోసం ఆగారని. ఇన్ని ఓడల కళ్ల ముందు ఆ మాట పడింది. మీరైతే ఏం చేస్తారు?

మార్కమ్ తనకు తానే ఒక సర్దుబాటు చెప్పుకున్నాడు. ట్రైయన్ తన చుట్టూ బయటి నుంచి తిరిగి వస్తాడు కాబోలు, ఆయన మనసులో ఏదో ఉండే ఉంటుంది అనుకున్నాడు. తిరిగాడు. క్యాంపర్‌డౌన్ ముక్కు విక్టోరియా పక్కలో దిగింది. కాసేపట్లోనే విక్టోరియా తలకిందులై మునిగిపోయింది. 358 మంది పోయారు. వాళ్లలో ట్రైయన్ ఒకడు. తప్పంతా నాదేనని ఆయన అన్నాడని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

ఇందులో నన్ను వదలని సంగతి ఒకటుంది. ప్రతి కదలికకూ జెండాల కోసం ఎదురుచూడకుండా కెప్టెన్లు సొంతంగా ఆలోచించాలని నౌకాదళంలో గట్టిగా వాదించినవాడు ఈ ట్రైయనే. ఆయన ఎవరిని మార్చాలనుకున్నాడో వాళ్ల విధేయతే ఆ రోజు అంతమంది ప్రాణం తీసింది. ఆయన పద్ధతి కూడా ఆయనతో పాటే మూలపడింది. ఆ రోజు విక్టోరియాలో జ్వరంతో పడుకుని, ఎలాగో నీళ్లలోంచి బయటపడ్డ ఒక అధికారి పేరు జాన్ జెల్లికో.

ఆ పేరు మీకు తెలిసే ఉంటుంది. 23 ఏళ్ల తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 మే 31న జర్మన్లతో జరిగిన జట్లాండ్ నౌకా యుద్ధంలో బ్రిటిష్ గ్రాండ్ ఫ్లీట్ (ప్రధాన నౌకాదళం) అధిపతి ఆయనే. కాబట్టి జట్లాండ్‌ను ట్రైయన్ తర్వాతే చదవండి. అక్కడ ముందు దళాన్ని నడుపుతున్న అడ్మిరల్ బీటీ జర్మన్ల వైపు తిరిగినప్పుడు, ఇవాన్-థామస్ కింద ఉన్న నాలుగు కొత్త యుద్ధనౌకలకు ఆ జెండా సంకేతం సరిగా కనబడలేదు. ఆదేశం అందే వరకు అవి పాత దారిలోనే పోయాయి. వాటికీ బీటీకీ మధ్య దాదాపు పది మైళ్ల దూరం పెరిగింది. ఆ తేడా ఎంత ఖరీదైందో బీటీ బ్యాటిల్‌క్రూజర్లు (వేగం కోసం కవచం తగ్గించిన పెద్ద యుద్ధనౌకలు) ఒక్కొక్కటే పేలిపోతుంటే తెలిసింది. ఆ రోజు మొత్తం అలాంటివి మూడు పోయాయి. బ్రిటన్ 6,000 మందికి పైగా నావికులను పోగొట్టుకుంది. జర్మన్ల నష్టం 2,551 మంది. అయినా యుద్ధం తర్వాత సముద్రం బ్రిటన్ చేతిలోనే ఉంది. ఎవరు గెలిచారన్న దాని మీద వందేళ్లు దాటినా వాదన ఆగలేదు.

జట్లాండ్ మీకు ఇంకో జాగ్రత్త కూడా నేర్పుతుంది. యుద్ధం అయ్యాక అధికారిక నివేదిక రాసే పని కెప్టెన్ హార్పర్‌కు అప్పగించారు. ఈలోగా నౌకాదళానికి అధిపతిగా వచ్చింది బీటీయే. తన ఓడల కదలికలు, కాల్పుల గురించిన భాగాలు మార్చమని హార్పర్ మీద ఒత్తిడి పెట్టాడు. ఆ నివేదిక ఏళ్ల తరబడి బయటికి రాలేదు. అడ్మిరల్స్ యుద్ధాలు ఎంత కష్టపడి చేశారో, వాటి కథను తమకు అనుకూలంగా రాయించుకోవడానికీ కొందరు అంతే కష్టపడ్డారు. 1801 కోపెన్‌హాగెన్ యుద్ధంలో పై అధికారి సంకేతం కనబడలేదనడానికి నెల్సన్ గుడ్డి కంటికి టెలిస్కోప్ పెట్టుకున్న కథ కూడా అందరికీ నచ్చేదే గానీ, జరిగిన తర్వాత అల్లుకున్నదేమోనని చరిత్రకారులు అనుమానిస్తారు. వెనక్కి తగ్గమన్న సంకేతాన్ని ఆయన పాటించలేదన్నది మాత్రం నిజం. కథకూ సంఘటనకూ మధ్య ఉన్న ఆ సందు కనిపెట్టడం మొదలుపెడితే మీకు విసుగన్నదే ఉండదు.

అడ్మిరల్ బింగ్ గురించి తప్పకుండా చదవండి. 1756లో మినోర్కా ద్వీపాన్ని ఫ్రెంచ్ వాళ్ల నుంచి కాపాడలేకపోయాడని విచారించారు. పిరికితనం లేదని కోర్టు మార్షలే (సైనిక న్యాయస్థానమే) చెప్పింది. కానీ చేయగలిగినదంతా చేయలేదన్న నేరానికి చట్టంలో మరణశిక్ష తప్ప వేరే శిక్ష లేదు. క్షమించమని న్యాయమూర్తులే సిఫారసు చేసినా రాజు ఒప్పుకోలేదు. 1757 మార్చి 14న పోర్ట్స్‌మత్‌లో సొంత నౌకాదళ ఓడ మీదే కాల్చి చంపారు. సరిపడా మనుషుల్ని, ఓడల్ని ఇవ్వకుండా పంపిన మంత్రులకు ఏమీ కాలేదు. ఇది చదివాక, ఆ తర్వాతి తరం అడ్మిరల్స్ ఎందుకంత తెగించి పోరాడారో ఇంకోలా ఆలోచిస్తారు.

కింది డెక్, అంటే మామూలు నావికుల సంగతి కూడా మరిచిపోవద్దు. 1797లో ఇంగ్లండ్ తీరంలోని స్పిట్‌హెడ్ లంగరు చోట నావికులు ఓడలు కదపం అని కూర్చున్నారు. వాళ్ల జీతం 1650ల నుంచి పెరగలేదు. దాదాపు నూట నలభై ఏళ్లు! వాళ్లు ఎంత క్రమశిక్షణతో ఆ సమ్మె నడిపారో చదివితే ఆశ్చర్యపోతారు. జీతాలు పెరిగాయి, క్షమాభిక్ష దొరికింది. అదే ఏడాది థేమ్స్ నది ముఖద్వారం దగ్గర నోర్‌లో జరిగిన తిరుగుబాటుకు మాత్రం ఉరికొయ్యలే దక్కాయి. స్కర్వీ (తాజా పండ్లు, కూరలు దొరక్క వచ్చే జబ్బు) కథ ఇంకా బాధాకరం. 1740లో జార్జ్ ఆన్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారితో దాదాపు 1,900 మంది బయల్దేరితే, ప్రపంచం చుట్టి ఆయన ఓడలో తిరిగొచ్చినవాళ్లు రెండు వందలు దాటలేదు. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువ మందిని తీసుకుపోయింది జబ్బే. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ 12 మంది రోగుల మీద పరీక్ష చేసి, నారింజ, నిమ్మ తిన్నవాళ్లే త్వరగా కోలుకున్నారని చూపించాడు. నౌకాదళం మొత్తానికీ నిమ్మరసం ఇవ్వడం 1795లో గానీ మొదలు కాలేదు. ఆ మధ్య కాలంలో పోయినవాళ్లకు ఏ విగ్రహమూ లేదు.

ఇప్పుడు మీ ఊరికి వద్దాం. మీరు విశాఖలో ఉండి ఇది చదవకపోతే నాకు నిజంగా బాధేస్తుంది.

1804 సెప్టెంబరులో విశాఖ రేవు ముందు, బీచ్ నుంచి కనబడేంత దూరంలో నౌకా యుద్ధం జరిగింది. 50 ఫిరంగుల సెంచూరియన్ అనే బ్రిటిష్ ఓడ లంగరు వేసి ఉంది. దాని రక్షణలో ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ అనే రెండు సరుకు ఓడలు. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది. ఆ సమయంలో ఫ్రెంచ్ అడ్మిరల్ లిన్వా తన పెద్ద ఓడ మరెంగో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో (చిన్న, వేగమైన యుద్ధనౌకలతో) వచ్చిపడ్డాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి అలల్లో బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం ఒడ్డు వైపు తక్కువ లోతుకు జరిగి కొడుతూనే ఉంది. యుద్ధం మధ్యలోనే కెప్టెన్ పడవ మీద వచ్చి ఓడెక్కాడు. బలమంతా లిన్వా దగ్గరే ఉంది. అయినా పట్టుకున్న ఒక్క ఓడతో వెళ్లిపోయాడు.

పుస్తకం మూయండి. ఎందుకు వెళ్లిపోయాడు? భయపడ్డాడని ఇంగ్లీషు పుస్తకాలు తేల్చేస్తాయి. లిన్వా పక్కన నిలబడి చూడండి. ఆయన ఓడకు కొయ్య విరిగితే మార్చుకోవడానికి రేవు ఎక్కడుంది? ఈ తీరంలో ఎక్కడా లేదు. ఆగి పోరాడితే ఈలోగా బ్రిటిష్ ఓడలు ఇంకొన్ని రావచ్చు. ఇవన్నీ తూచి ఆయన వెళ్లాడు. సరైనదో కాదో మీరు తేల్చుకోండి. నా మట్టుకు నాకు, ఇంకో గంట ఆగి ఉండాల్సిందనే అనిపిస్తుంది.

ఇక్కడి నుంచి వెనక్కి వెళ్తే 1782-83లో బ్రిటిష్ అడ్మిరల్ ఎడ్వర్డ్ హ్యూజ్, ఫ్రెంచ్ అడ్మిరల్ సుఫ్రెన్‌ల మధ్య సద్రాస్, నాగపట్నం, ట్రింకోమలీ, కడలూరు తీరాల్లో ఐదు యుద్ధాలు ఉన్నాయి. ఒడ్డున హైదర్ అలీ సైన్యం, సముద్రంలో ఈ ఇద్దరు. కోరమండల్ తీరంలో పెద్ద ఓడలకు సరైన రేవు లేదు. అక్టోబరు వస్తే తుపాన్ల భయానికి నౌకాదళం బొంబాయికో మరో చోటికో పోవాల్సిందే. 1746 అక్టోబరులో మద్రాసు ముందు లంగరు వేసిన ఫ్రెంచ్ ఓడలను తుపాను ఏం చేసిందో చదవండి. లండన్‌లో కూర్చుని రాసినవాళ్లకు ఇదొక వాక్యం. అక్టోబరు తుపాన్లు చూసిన మీకు అందులో అడ్మిరల్ టెన్షన్ మొత్తం అర్థమవుతుంది.

ముందుకు వస్తే 1942. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు 6న ర్యూజో అనే నౌక మీంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఆ కథ చెప్పే ఉంటారు. ఆ రోజు బ్రిటిష్ ఈస్టర్న్ ఫ్లీట్ ఎక్కడ ఉంది? అడ్మిరల్ సోమర్‌విల్ దాన్ని మాల్దీవుల దక్షిణాన ఉన్న అడ్డు అటోల్ రహస్య స్థావరం వైపు ఉంచాడు. ఆయన యుద్ధనౌకల్లో చాలావరకు ముసలివి. శత్రువు దగ్గర ఐదు పెద్ద విమాన వాహక నౌకలు. ఎదురెళితే నౌకాదళం మొత్తం పోయేది. అందుకని బంగాళాఖాతాన్ని వదిలేశాడు. రెండు క్రూజర్లు (మధ్యరకం యుద్ధనౌకలు), తర్వాత హెర్మిస్ అనే విమాన వాహక నౌక మునిగాయి. మన తీరంలో సరుకు ఓడలు వరసగా మునిగాయి. నౌకాదళాన్ని కాపాడిన నిర్ణయంగా పుస్తకాలు దాన్ని మెచ్చుకుంటాయి, సబబే. కానీ ఆ నిర్ణయం ఖరీదులో కొంత విశాఖ, కాకినాడ రేవులు చెల్లించాయి. ఆ వాక్యం రాయగలిగేది మీలాంటి పాఠకులే.

చివరిగా గాలి, తెరచాపల సంగతి. అన్ని తాళ్ల పేర్లు నేర్చుకోనక్కర్లేదు. మూడు విషయాలు పట్టుబడితే చాలు. గాలి వచ్చే వైపున ఉన్న ఓడకు ఎప్పుడు మీద పడాలో ఎంచుకునే వీలుంటుంది. గాలి ఒడ్డు వైపుకు నెడుతుంటే ఆ ఒడ్డే అన్నిటికంటే పెద్ద శత్రువు. 1759లో బ్రిటిష్ అడ్మిరల్ హాక్ పెనుగాలిలో రాళ్ల మధ్యకు ఫ్రెంచ్ ఓడలను తరిమిన క్విబెరాన్ యుద్ధం అర్థం కావాలంటే ఇది తెలియాలి. మూడోది, పొగ కమ్మితే జెండాలు కనబడవు. ప్రతి యుద్ధానికీ ఒక కాగితం మీద ముందు గాలి బాణం గీసి, ఆ తర్వాతే ఓడలు పెట్టుకోండి. ఇంకో మాట. ఫిషింగ్ హార్బర్ దగ్గర తెరచాపల కాలం గుర్తున్న పెద్దవాళ్లు ఎవరైనా దొరికితే, గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో అడిగి కూర్చోండి. ఏ నిఘంటువూ అంత బాగా చెప్పదు.

పుస్తకాల విషయంలో, ఇకమీదట జీవితచరిత్రలు తగ్గించి ఉత్తరాలు, కోర్టు మార్షల్ వాంగ్మూలాలు పెంచండి. నెల్సన్ ఉత్తరాలు 1840లలోనే ఏడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కాపీరైట్ ఎప్పుడో పోయింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1893లో ఏర్పడిన నేవీ రికార్డ్స్ సొసైటీ అసలు పత్రాలను అచ్చువేస్తోంది. ట్రఫాల్గర్ మీకు కంఠతా వచ్చు గనుక మొదటి అభ్యాసం అక్కడే పెట్టుకోండి, కానీ యుద్ధం ముగిసిన సాయంత్రం నుంచి. నెల్సన్ పోయాడు. లంగరు వేయమన్నది ఆయన చివరి కోరిక. ఇప్పుడు అధిపతి, అప్పటిదాకా రెండో స్థానంలో ఉన్న అడ్మిరల్ కాలింగ్‌వుడ్. ఓడలు దెబ్బతిని ఉన్నాయి, పట్టుకున్న శత్రు ఓడలను లాక్కెళ్లాలి, తుపాను వస్తోంది. కాలింగ్‌వుడ్ వెంటనే లంగరు వేయించలేదు. పట్టుకున్నవాటిలో చివరికి జిబ్రాల్టర్ చేరినవి నాలుగే. ఆయన చేసింది సరైనదేనా? ఆ వారం ఉత్తరాలన్నీ చదివి, గాలి బాణం గీసుకుని, మీకేమనిపించిందో నాకు రాయండి.